ముక్కల నుంచి మొక్క దాకా: శిలాజాల ఆధారంగా ప్రాచీన వృక్షాన్ని తిరిగి నిలబెట్టే పద్ధతి

నల్లగొండ జిల్లాలో ఏ ఊరి పొలిమేరలో నిలబడి చూసినా తాటిచెట్టు కనిపిస్తుంది. ఆ చెట్టు మనకు చిన్ననాటి నుంచి తెలుసు కాబట్టి, గట్టు మీద పడి ఉన్న ఎండు మట్టను, చిరిగిన కమ్మను, పీచు పట్టిన టెంకను, వాడిపోయిన గెలను వేరువేరుగా చూసినా ఇవన్నీ ఒకే చెట్టువని తడుముకోకుండా చెబుతాం. ఆ చెట్టును ఎన్నడూ చూడని మనిషి చేతికి ఇవే ముక్కలు, అదీ రాయిగా మారి, ఒకదానికొకటి అరమైలు ఎడంగా దొరికితే అతడు ఏమనుకుంటాడో ఊహించండి. పోతుతాటికి వచ్చే పొడవాటి పూలగెలను ఒక మొక్క కింద, పండుతాటి కాయను మరో మొక్క కింద, ముళ్ల అంచు మట్టను మూడో మొక్క కింద జమకట్టినా అతడిని తప్పుపట్టలేం. ప్రాచీన వృక్షాల మీద పనిచేసేవారు నిత్యం ఎదుర్కొనే చిక్కు ఇదే. జంతువు చచ్చిన తరువాతే ఎముకలు చెదురుతాయి. చెట్టు మాత్రం బతికి ఉండగానే ఆకులు రాలుస్తుంది, పుప్పొడిని గాలికి వదులుతుంది, విత్తనాలను నీటిపాలు చేస్తుంది, కొమ్మలు విరుచుకుంటుంది. అందుకే వేరు నుంచి చిగురు దాకా ఒకే రాతిలో దొరికిన పెద్ద చెట్టు శిలాజాలు చాలా అరుదు.

వృక్షశాస్త్రం చదువుకునే డిగ్రీ, పీజీ విద్యార్థులను, రాళ్లను శ్రద్ధగా చూసే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులో నేను పదేపదే చెప్పబోయే మాట ఒక్కటే: ఏ రెండు ముక్కలను కలిపినా, ఆ అతుకుకు ఆధారం ఏమిటో, అది ఎంత గట్టిదో అక్కడికక్కడే రాసిపెట్టాలి. అతుకుల లెక్క లేని చిత్రం ఎంత అందంగా ఉన్నా అది బొమ్మే గాని పునర్నిర్మాణం కాదు.

ముందు రాయిని చదవాలి

మొక్కను వెతికే ముందు, ఆ రాయిలో మొక్క ఉండే అవకాశం ఉందో లేదో తెలుసుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ శిలలే. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి, పైగా భూగర్భంలో కరిగిన పదార్థం చల్లబడగా గాని, విపరీతమైన వేడికి, ఒత్తిడికి రూపు మారగా గాని ఏర్పడినవి. వీటిలో ఆకు ముద్ర కోసం వెతకడం వృథా ప్రయాస. కృష్ణా తీరాన హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు కర్మాగారాలకు వెళ్లే సున్నపురాయి, అమ్రాబాద్ వైపు నల్లమల గుట్టల్లోని క్వార్ట్‌జైటు, తాండూరు దగ్గర తవ్వే పలకరాయి, ఇవన్నీ నీటి అడుగున పేరుకున్న అవక్షేప శిలలే అయినా, నేల మీద మొక్కలు పుట్టకముందు ఏర్పడ్డవి. నేల మొక్కల తొలి ఆనవాళ్లు సుమారు 47 కోట్ల ఏళ్ల నాటి సిద్ధబీజాలు, అంటే విత్తనం లేని మొక్కలు వదిలే సూక్ష్మమైన బీజకణాలు. ఈ బండలు వాటికన్నా ఎంతో పాతవి.

అయినప్పటికీ ఈ బండల మీదే మన వాళ్లు ఎక్కువగా 'ఆకు'లను చూస్తారు. మా ఇంటి వసారాలో పరిచిన తాండూరు బండ మీద ఫెర్న్ ఆకును పోలిన నల్లని గుర్తు ఒకటి ఉండేది. బడికి వెళ్లే వయసులో దాన్ని ఆకనే నమ్మాను. వృక్షశాస్త్రం చదివిన తరువాత భూతద్దం పెట్టి చూస్తే అది బండ అంచున ఉన్న పగులు దగ్గర మొదలై, అక్కడి నుంచి లోపలికి కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంది. పగులులోకి దిగిన నీరు మోసుకొచ్చిన మాంగనీసు ఆక్సైడు అలా పేరుకుంటుంది; దాన్ని డెండ్రైటు అంటారు. పరీక్ష తేలికైనదే. ఆకుకు ఒక అంచు ఉంటుంది, నడి ఈనె మొదట్లో లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది, పక్క ఈనెలు ఒక క్రమంలో బయలుదేరుతాయి. డెండ్రైటుకు అంచు ఉండదు, తొడిమ ఉండదు, అది ఎక్కడ మొదలైందో వెతికితే ఎప్పుడూ ఒక పగులు గాని, పొర అంచు గాని కనిపిస్తుంది. ఈ పరీక్ష చేయకుండా ఏ గుర్తునూ నమూనాల పెట్టెలో వేయవద్దు.

మన ప్రాంతంలో నిజమైన ఆశ పడమటి వైపు ఉంది. కొడంగల్, పరిగి, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఆ లావా ఒక్కసారిగా కాకుండా దఫదఫాలుగా పారింది. రెండు దఫాల మధ్య విరామంలో కుంటలు, మడుగులు ఏర్పడి, వాటి అడుగున మట్టి, సున్నం, సిలికా పేరుకొని, వాటి మీద మళ్లీ లావా కప్పింది. ఈ నడిమి పొరలే మనకు కావలసినవి. వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ దగ్గర ఇలాంటి పొరలోనే డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం పళ్లు దొరికాయి. నారాయణపేట సరిహద్దు దాటగానే వచ్చే గుర్మట్కల్ దగ్గరి పొరల్లో కారా జాతి నీటిమొక్కల కాయలు దొరికాయి. ఆవగింజ కన్నా చిన్నవైన ఆ కాయల మీద మెలితిరిగిన గీతలు కనిపిస్తాయి. ఆ కాయకు సున్నపు గట్టి పూత ఉండడం వల్ల మిగిలింది, మెత్తని కాడ చాలావరకు మిగలలేదు. మన చెరువుల్లో ఈనాటికీ పెరిగే కారాను చూసిన వారికి, ఒక మొక్కలో ఏ భాగం నిలుస్తుందో, ఏది నశిస్తుందో దీన్ని మించిన పాఠం లేదు. ఇంకా పాత మొక్కలు కావాలంటే ఉత్తరానికి, గోదావరి లోయకు వెళ్లాలి; రామగుండం, కొత్తగూడెం బొగ్గు పొరలతో పాటు ఉండే పలకరాళ్లలో గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకులు ఉంటాయి.

పొలంలోకి దిగే ముందు రైతు అనుమతి, అటవీ భూమి అయితే ఆ శాఖ అనుమతి తీసుకోవాలి. బండకు అంటి ఉన్న దాన్ని సుత్తెతో కొట్టకుండా, విడిపడిన ముక్కలతోనే మొదలుపెట్టాలి. అరుదైనది కనిపిస్తే కదపకుండా ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టి, విశ్వవిద్యాలయంలోని భూగర్భశాస్త్ర శాఖకు గాని, హైదరాబాద్‌లోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి గాని తెలియజేయడం ఉత్తమం.

ఏరేటప్పుడు

పునర్నిర్మాణం ప్రయోగశాలలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది రాయిని నేల మీద నుంచి ఎత్తిన క్షణంలోనే మొదలవుతుంది. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉందన్న సమాచారం ఒకసారి పోతే మళ్లీ రాదు. కాబట్టి ఎత్తే ముందు స్కేలు పెట్టి ఫోటో తీయండి. పొర ఏది, పై ముఖం ఏది, ఆకు కొస ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నవి నోటుబుక్కులో రాయండి. ఆ తరువాతే సంఖ్య వేసి, పాత దినపత్రికలో చుట్టండి.

పలకరాయి పగిలినప్పుడు ఆకు ఒక వైపు, దాని ఎదురు ముద్ర మరో వైపు వస్తాయి. రెండూ తీసుకోవాలి. తొలి రోజుల్లో నేను మంచిగా కనిపించిన వైపు మాత్రమే దాచి, రెండోది అక్కడే వదిలి వచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే నా దగ్గరి ముక్కలో తొడిమ దగ్గరి భాగం లేదు, అది ఎదురు పలకకు అంటుకొని పోయింది. ఆకు కొమ్మకు ఎలా అతికి ఉందో చెప్పే ఒకే ఒక్క ఆధారం అదే. తరువాతి వారం తిరిగి వెళ్లేసరికి వానకు ఆ పలక పొరలు పొరలుగా విచ్చిపోయి ఉంది. అప్పటి నుంచి జత పలకలకు ఒకే సంఖ్య వేసి, పక్కన 'అ', 'ఆ' అని రాసుకుంటున్నాను.

అందంగా లేని ముక్కలను వదిలేయకండి. ఈనెలు సరిగా కనిపించని బెరడు తునక, నలిగిన కాడ, గింజ పెంకు కూడా లెక్కలోకి రావాలి, ఎందుకంటే ఏ ముక్క ఏ ముక్కతో ఎన్నిసార్లు కలిసి దొరికిందన్న లెక్క తరువాత మనకు సాక్ష్యం అవుతుంది. వెలుతురును పక్క నుంచి, చాలా వాలుగా పడేలా చేసి చూస్తే, నడినెత్తి ఎండలో కనబడని ఈనెలు నీడలుగా తేలతాయి. అందుకే ఉదయం, సాయంకాలం ఎండ ఈ పనికి మంచిది.

వాగులో సాధన

శిలాజం చేతికి రాకముందే ఈ విద్యను నేర్చుకోవడానికి మన ఊరి వాగు చాలు. తొలకరి వరద తగ్గిన తరువాత వాగు మలుపులో మేట వేసిన మట్టి మీద ఒక మీటరు చదరం గీసి, అందులోని ఆకు ముక్కలు, గింజలు, పుల్లలు అన్నీ ఏరి, చెట్ల వైపు చూడకుండా, వాటిని రకాలుగా విడదీసి, ఏవి ఒకే చెట్టువో కాగితం మీద రాయండి. ఆ తరువాత వాగు వెంట పైకి నడిచి చెట్లను చూసి సరిచూసుకోండి.

ఒకసారి విద్యార్థుల బృందం ఇలా ఏరిన ఆకుల్లో పెద్దవి, దళసరివి మూడు రకాలుగా విడదీసింది: అడుగు రెండు వైపులా సమంగా ఉన్నది ఒకటి, ఎడమ వైపు ఉబ్బినది ఒకటి, కుడి వైపు ఉబ్బినది ఒకటి. పైకి నడిచి చూస్తే ఉన్నది ఒక్క మోదుగ చెట్టే. మోదుగ ఆకు మూడు రేకులుగా ఉంటుంది. నడిమి రేకు సమంగా ఉంటుంది, పక్క రేకుల అడుగు వంకరగా ఉంటుంది, అందులోనూ ఎడమది కుడిదానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. విస్తరాకు కుట్టే వారి చేతిలో ఈ తేడా రోజూ కనిపిస్తూనే ఉంటుంది. తప్పు చేసిన ఆ పిల్లలకు ఆ రోజు గట్టి సూత్రం ఒకటి దొరికింది: అడుగు వంకరగా ఉన్న 'ఆకు'లు కుడి ఎడమల జంటలుగా, సమంగా ఉన్న వాటితో కలిసి పదేపదే దొరికితే, అవి విడి ఆకులు కాకుండా ఒక సంయుక్త పత్రపు రేకులై ఉండవచ్చునని ముందుగా అనుమానించాలి. వేప రేకు కూడా ఇలాగే ఒక వైపు వంగి ఉంటుంది. ఆరు కోట్ల ఏళ్ల నాటి ముద్రకు కూడా ఈ పరిశీలన వర్తిస్తుంది.

ఈ సాధనలో రెండో పాఠం దూరం గురించి. చింత రేకులు చెట్టు చుట్టుపక్కలే ఎక్కువగా ఉంటాయి, తాటి టెంక మాత్రం వరదలో ఎంతో దూరం దొర్లి వస్తుంది. కాబట్టి వాగు ఇసుకలో ఆకు, టెంక పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి ఒకే చెట్టువి కావు. కదలని కుంట అడుగున, మెత్తని బురదలో పక్కపక్కన ఉన్న వాటికి ఎక్కువ విలువ ఇవ్వాలి. వేళ్లు నేలలో దిగబడి ఉండగానే శిల అయిన పొరలో దొరికిన వాటికి అంతకన్నా ఎక్కువ.

ముక్క ఏ రూపంలో నిలిచింది

ఒకే భాగం నిలిచిన తీరును బట్టి వేరువేరుగా కనిపిస్తుంది. బురదలో అణగి, నల్లని బొగ్గు పొరగా మిగిలిన ఆకులో ఆకారం, ఈనెలు, అదృష్టం ఉంటే పైపొర అయిన అవభాసిని కూడా దక్కుతాయి. ఆ పొర కూడా పోయి అచ్చు మాత్రమే మిగిలితే ఆకారం, ఈనెలు తప్ప మరేమీ చెప్పలేం. సిలికా నీరు కణాల్లోకి దిగి గట్టిపడితే లోపలి నిర్మాణమంతా, కణం గోడ మీది గర్తాలతో (సూక్ష్మమైన గుంటలతో) సహా, నిలిచి ఉంటుంది, కాని అలాంటి ముక్క బయటి ఆకారం చాలాసార్లు అరిగిపోయి ఉంటుంది. పైనుంచి పడ్డ బరువుకు నలిగిన కాడ మందం తగ్గుతుంది, వెడల్పు మాత్రం పెద్దగా మారదు. కాబట్టి నలిగిన కాడ వెడల్పునే దాని అసలు వ్యాసానికి దగ్గరి కొలతగా తీసుకోవచ్చు.

బొగ్గు యుగపు లెపిడోడెండ్రాన్ విషయంలో జరిగింది గుర్తుంచుకోదగినది. ఆ చెట్టు బెరడు మీద ఆకులు రాలిన మచ్చలు వజ్రం ఆకారంలో ఉంటాయి. పైబెరడు ఊడిపోయిన తరువాత నిలిచిన మానుకు ఆ మచ్చలు ఉండవు కనుక దానికి నోరియా అని వేరే పేరు పెట్టారు. వేరు భాగానికి స్టిగ్మేరియా అని, కంకికి లెపిడోస్ట్రోబస్ అని పేర్లు వచ్చాయి. ఒకే చెట్టు, ఊడిన లోతును బట్టి, దొరికిన భాగాన్ని బట్టి ఇన్ని పేర్లతో నిలిచింది. రెండు ముక్కలు వేరుగా కనిపించినప్పుడు, అవి వేరు మొక్కలా, వేరు భాగాలా, లేక ఒకే భాగం వేరువేరుగా నిలిచిందా అన్న మూడు ప్రశ్నలూ వేసుకోవాలి.

లోపలి నిర్మాణం చూడడానికి రాయిని కోసి, సుమారు 30 మైక్రాన్ల మందం వచ్చేదాకా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. లేదా నునుపు చేసిన ముఖాన్ని ఆమ్లంతో కొద్దిగా తినిపించి, అసిటోన్ పోసి, సెల్యులోజ్ అసిటేట్ పొరను అంటించి ఊడదీస్తారు. సిలికాకు వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా ఎముక దాకా దిగి ప్రాణం తీయగలది. అవభాసినిని విడదీయడానికి వాడే నత్రికామ్లం, పొటాషియం క్లోరేటు మిశ్రమం కూడా ప్రమాదకరమే. వీటిని ఇంట్లో గాని, పొగను లాగే గూడు లేని కళాశాల గదిలో గాని, శిక్షణ పొందిన వారు పక్కన లేకుండా గాని ముట్టకూడదు. సాధన కోసం మాత్రం వేపాకు అడుగు వైపు రంగులేని గోళ్ల పాలిష్ పూసి, ఆరిన తరువాత టేపుతో ఊడదీసి సూక్ష్మదర్శినిలో చూడండి. పత్రరంధ్రాల అమరికను, వాటి చుట్టూ ఉన్న కణాల తీరును గీసుకోండి. శిలాజపు అవభాసినిలో మీరు చూడబోయేది దాదాపు అదే.

అతుకులు

ఇక అసలు పనికి వద్దాం. రెండు విడి భాగాలు ఒకే మొక్కవని చెప్పడానికి దారులు కొన్నే ఉన్నాయి, వాటి బలం ఒకటి కాదు.

అన్నిటికన్నా గట్టిది రెండు భాగాలు ఒకదానికొకటి అంటుకొని దొరకడం. ఫెర్న్ లాంటి ఆకులున్న ఆర్కియోప్టెరిస్‌ను చాలాకాలం ఫెర్న్‌గానే భావించారు. కాలిజైలాన్ అన్న రాతి మాను మాత్రం పైన్ లాంటి శంకువృక్షాల కలపను పోలి ఉండేది. దాని కణాల గోడల మీది గర్తాలు గుంపులు గుంపులుగా, వరుస తీరి ఉంటాయి, ఆ గుర్తు చూసిన వారు మరిచిపోరు. 1960లో చార్లెస్ బెక్ అనే శాస్త్రవేత్త, ఆర్కియోప్టెరిస్ ఆకులు అంటి ఉన్న కాడలోనే కాలిజైలాన్ కలప ఉందని చూపించారు. ఫెర్న్ అనుకున్నదీ, శంకువృక్షం అనుకున్నదీ ఒకే చెట్టు అని తేలడంతో, సిద్ధబీజాలతో పెరుగుతూ కలప మానును కలిగిన ఒక కొత్త వర్గాన్నే గుర్తించవలసి వచ్చింది. విడి ముక్కలను ఎంత తెలివిగా పోల్చినా ఎవరూ ఊహించని చెట్టు అది. అందుకే, ఆకు ఏ వర్గాన్ని పోలి ఉందో ఆ వర్గపు మానునే దానికి అతికించాలన్న తొందర పనికిరాదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవా మొదళ్ల కథ ఇంకొక పాఠం నేర్పుతుంది. 1869లో వచ్చిన వరద అక్కడి రాతి మొదళ్లను బయటపెట్టింది. ఇయోస్పెర్మటాప్టెరిస్ అన్న పేరుతో అవి పుస్తకాలకెక్కాయి, కాని వాటి తల ఎలా ఉండేదో ఒక శతాబ్దానికి పైగా తెలియలేదు. 2004లో ఆ దగ్గరలోనే ఒక చెట్టు తలభాగం దొరికింది, ఆ తరువాత మానుతో కలిసి ఉన్న నమూనా కూడా దొరికింది. ఆ తల అంతకుముందే వాటీజా అన్న పేరుతో తెలిసిన రకం. 2007లో ప్రచురించిన పునర్నిర్మాణంలో ఆ చెట్టు కనీసం 8 మీటర్ల ఎత్తున, ఆకు రేకులు లేని చీలిన కొమ్మల గుత్తితో, పైకి చూడడానికి తాటిచెట్టులా నిలబడింది. అంతకాలమూ మొదలుకు తలను ఊహించి నిజమని రాయకుండా, ఖాళీని ఖాళీగా ఉంచిన వారి ఓపికను నేను ఎంతో గౌరవిస్తాను.

అంటుకొని దొరకనప్పుడు, ఇతర మొక్కల్లో లేని ఒక విచిత్రమైన గుర్తు రెండు భాగాల మీదా ఉందా అని చూడాలి. 1903లో ఆలివర్, స్కాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసింది ఇదే. లైజినాప్టెరిస్ కాడ మీద, ఆకు తొడిమ మీద గుండుసూది తల లాంటి గ్రంథులు ఉండేవి. లాజినోస్టోమా అన్న విడి విత్తనాన్ని కప్పి ఉన్న గిన్నె మీద కూడా అచ్చంగా అవే గ్రంథులు కనిపించాయి. ఆ పొరల్లో అలాంటి గ్రంథులున్న మొక్క మరొకటి లేదు. ఆ ఒక్క గుర్తుతో, ఫెర్న్ లాంటి ఆకులున్న మొక్కకు విత్తనాలుండేవన్న సంగతి బయటపడింది. ఇక్కడ గమనించవలసింది, పోలిక ఎంత దగ్గరగా ఉందన్నది మాత్రమే కాదు, ఆ గుర్తు ఎంత అరుదైనదన్నది కూడా. రెండింటికీ ఈనెలు వల అల్లినట్టు ఉన్నాయని రాస్తే అది సాక్ష్యం కాదు. వల ఈనెలు ఎన్నో మొక్కలకు ఉంటాయి. పత్రరంధ్రం చుట్టూ కణాల అమరిక, రోమాల అడుగు భాగం, కలపలోని గర్తాల వరుస, మగకంకిలోని పుప్పొడే విత్తనం నోట కూడా దొరకడం, ఇలాంటివే బరువైన గుర్తులు.

మూడోది సహవాసం. ఒక ఆకు, ఒక కంకి ఒకే చోట కలిసి దొరకడం బలహీనమైన ఆధారమే. అవే రెండు పది వేరు చోట్ల కలిసి దొరికి, ఒకటి లేని చోట రెండోదీ లేకపోతే ఆ ఆధారానికి బలం వస్తుంది. ఏరేటప్పుడు ప్రతి తునకనూ లెక్కపెట్టమని నేను చెప్పింది ఇందుకే. వెర్టిబ్రేరియా గ్లాసోప్టెరిస్ వేరు అన్న ఆలోచన మొదట ఇలాంటి సహవాసం వల్లనే బలపడింది. లోపల వెన్నుపూసలను పేర్చినట్టు గళ్లు గళ్లుగా ఉండే ఆ వేరు గ్లాసోప్టెరిస్ ఆకులున్న పొరలతో పాటే, వాటి కిందనే కనిపిస్తుంది. తరువాత లోపలి నిర్మాణపు పోలిక ఆ అతుకును గట్టిపరిచింది.

మన దేశంలో ఈ విద్యకు పెద్దదిక్కు బీర్బల్ సాహ్ని. ప్రస్తుతం ఝార్ఖండ్‌లో ఉన్న రాజ్‌మహల్ కొండల శిలాజాల నుంచి ఆయన 1932లో విలియంసోనియా స్యూయర్డియానాను నిలబెట్టారు: బక్లాండియా అన్న పేరుతో ఉన్న మాను, ప్టైలోఫిల్లం అన్న పేరుతో ఉన్న ఆకు, విలియంసోనియా అన్న పేరుతో ఉన్న పుష్పం ఒక్క చెట్టుగా కూడాయి. 1948లో అదే కొండల్లోని నిపానియా నుంచి పెంటాక్సిలాన్ వర్గాన్ని ఆయన పరిచయం చేశారు. కాడలో సాధారణంగా అయిదు కలప స్తంభాలుంటాయి కనుక ఆ పేరు వచ్చింది, ఆకు, విత్తనపు కంకి వేరే పేర్లతో ఉన్నాయి. విలియంసోనియా చిత్రాన్ని డిగ్రీ విద్యార్థులు దశాబ్దాలుగా పరీక్షల్లో గీస్తూనే ఉన్నారు, కాని అందులో ఏ భాగాన్ని ఏ ఆధారంతో కలిపారో చెప్పగలిగిన విద్యార్థి నాకు చాలా అరుదుగా తారసపడ్డాడు. ఆ చిత్రాన్ని గీయించే అధ్యాపకులు దాని అతుకులను కూడా అడగాలని నా గట్టి అభిప్రాయం.

నా నోటుబుక్కులో ప్రతి అతుకుకూ ఒక రంగు ఉంటుంది. అంటుకొని దొరికిన దానికి నలుపు, అరుదైన ఉమ్మడి గుర్తుకు నీలం, పలుమార్లు సహవాసానికి ఆకుపచ్చ, ఆధారం దొరక్క, దగ్గరి బంధువులైన మొక్కల పోలికతో ఊహించిన దానికి ఎరుపు. ఎరుపు ఉండకూడదని కాదు. ఎరుపును నలుపుగా చూపించకూడదు.

మీ అతుకు తప్పని చూపగల సాక్ష్యం కోసం కూడా వెతకండి. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సుమారు 3 ఎకరాల్లో పరుచుకున్న ఒకే మర్రిచెట్టు. అందులో మానుల్లా నిలబడినవాటిలో అనేకం నిజానికి ఊడలు. ఆ తోట మొత్తం శిల అయి, మధ్యలోని అడ్డకొమ్మలు నశించి, నిలువు స్తంభాలు మాత్రమే మిగిలితే, ఒక అడవే ఉండేదని రాసేస్తాం. అలాంటప్పుడు ఆకు మచ్చల కోసం, కణుపుల కోసం వెతకాలి. వేరు మీద అవి ఉండవు. స్తంభాల కొలతలన్నీ రాసిపెట్టి ఆకు మచ్చ ఉందో లేదో రాయకపోతే, తరువాత వచ్చే వారికి తప్పును దిద్దే దారి మూసుకుపోతుంది.

కొలతలు, వయసు, చోటు

అతుకులు తేలిన తరువాత పరిమాణం. నేటి కలప చెట్లలో మాను లావుకు, ఎత్తుకు మధ్య ఒక సంబంధం ఉంటుంది. దాన్ని బట్టి శిలాజ మొదలు లావు నుంచి ఎత్తును అంచనా వేస్తారు. ఏటేటా మాను లావెక్కే చెట్లకే ఈ లెక్క పనికివస్తుంది. తాటిచెట్టు ఒకసారి లావు స్థిరపడిన తరువాత ఎత్తే పెరుగుతుంది, కాబట్టి తాటి జాతి మాను లావును బట్టి ఎత్తు చెప్పబోతే తప్పుతాం. అక్కడ ఆకు మచ్చల మధ్య ఎడం, మాను సన్నబడే తీరు ఎక్కువ పనికివస్తాయి. ఏ లెక్క వాడినా ఒకే అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత దాకా' అని రాయండి.

ఆకుల పరిమాణంలోనూ జాగ్రత్త అవసరం. జామాయిల్ మొలక ఆకు వెడల్పుగా ఉంటుంది, పెరిగిన చెట్టు ఆకు సన్నగా కొడవలిలా ఉంటుంది. వీటిని ఒకే కొమ్మ మీద పక్కపక్కన గీస్తే అలాంటి చెట్టు ఎన్నడూ లేనట్టే. వీలైనన్ని ఆకులను కొలిచి, కనిష్ఠ, గరిష్ఠాలను రాసి, కొమ్మకు అంటి దొరికిన ఆకును బట్టి చిత్రంలోని ఆకును గీయాలి.

కలపలో వలయాలు స్పష్టంగా ఉండి, ఆకులు ఒకే పొరలో చాపలా దట్టంగా పరుచుకొని ఉంటే, ఆ చెట్టు ఏటా ఒక కాలంలో ఆకు రాల్చేదని చెప్పవచ్చు. గ్లాసోప్టెరిస్ గురించి అలాగే తెలిసింది. అలాంటి చెట్టును చలికాలపు బోడి కొమ్మలతో గీయడం కూడా సరైన పునర్నిర్మాణమే.

గీయడం, పేరు పెట్టడం

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూసిన వారు చాలామంది ఉంటారు. యామనపల్లి దగ్గర దొరికిన ఆ ఎముకలు కనీసం 12 జంతువులవి. మొక్కల చిత్రం కూడా ఇలాంటిదే: వేరు ఒక చెట్టుది, మాను మరో చెట్టుది, కంకి మూడో దానిది. కాబట్టి చిత్రం కింద, వాడిన ప్రతి నమూనా సంఖ్యను రాయాలి.

ముందుగా ప్రతి భాగాన్నీ విడిగా, ఒకే కొలతకు తగ్గించి ట్రేసింగ్ కాగితం మీద గీయండి. తరువాత వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, తొడిమ లావు కొమ్మ మీది మచ్చకు సరిపోతోందా, వేరు మొదలు లావు మాను అడుగుకు సరిపోతోందా చూడండి. కొలత కుదరకపోతే కాగితాన్ని సాగదీయవద్దు. మధ్యలో దొరకని భాగం ఉందని గాని, అతుకే తప్పని గాని అర్థం. దొరికిన భాగాలను నిండు గీతతో, ఊహించిన భాగాలను చుక్కల గీతతో చూపండి. పక్కన కొలబద్ద గీయండి. మనిషి బొమ్మను కొలతకు వేస్తే ఎత్తు తేలికగా అర్థమవుతుంది. రంగులు వేయకపోవడమే మంచిది. వేయదలిస్తే ఆకు పచ్చదనానికి, పువ్వు రంగుకు ఆధారం లేదని చిత్రం కిందనే రాయండి.

పేరు విషయంలో తొందర అవసరం లేదు. వృక్షనామ నియమాల ప్రకారం శిలాజ మొక్కల్లో వేరుకు, ఆకుకు, విత్తనానికి వేరువేరు పేర్లు ఉండడం తప్పు కాదు. అవి ఒకే మొక్కవని తిరుగులేకుండా తేలినప్పుడు, మొత్తం మొక్కకు సాధారణంగా వాటిలో ముందుగా ప్రచురించిన పేరు వర్తిస్తుంది. విడిగా దొరికే ఆకుకు దాని పేరు వాడుకలో ఉండనివ్వవచ్చు. నీలం, ఆకుపచ్చ అతుకుల మీద ఆధారపడి కొత్త పేరు పెట్టే కన్నా, 'ఫలానా ఆకు గల మొక్క' అని రాసి ఆగడం మేలు.

చిత్రం పూర్తయిన రోజు తేదీని కాగితం వెనుక వేసి, ఎరుపు అతుకుల జాబితాను అక్కడే రాయండి. నమూనాలను, జత పలకలను, నోటుబుక్కు నకలును సంఖ్యలతో సహా ఒక కళాశాల సంగ్రహాలయానికో, విశ్వవిద్యాలయ శాఖకో అప్పగించి రసీదు తీసుకోండి. మరుసటి వానాకాలం తరువాత అదే పొరకు తిరిగి వెళ్లి, ముందుగా ఆ ఎరుపు జాబితాలోని మొదటి అతుకు కోసమే వెతకండి.